పిండి అయిపోనీ

చిన్నమ్మ పోయిన సంగతి నాకు ఫోనులో మా వాళ్ళ గ్రూపు చూస్తే తెలిసింది. పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కళ్ళద్దాలు తగిలించుకునేసరికే చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. ఎవరో ఒకాయన తొందరలో పుట్టినరోజు కేకు పెట్టి, మళ్ళీ తీసేశాడు. చిన్నమ్మకు తొంభై దాటాయి. నాకే ఎనభై దగ్గర పడుతున్నాయి. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. కాఫీ చల్లారకముందే తాగేసి గ్లాసు కడిగి బోర్లించాను.

గ్రూపులో నేనూ నాలుగు మాటలు రాయాలి కదా. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన పంతులమ్మను, మాటలు నాకు అంత తొందరగా రావు. ఫోను పట్టుకుని కూర్చున్న నన్ను చూసి మా మనవరాలు హారిక, "ఇటియ్యి అవ్వా" అంది. ఈ పిల్ల కర్నూల్లో నా దగ్గరే ఉండి ఇంజనీరింగు చదువుతోంది. దాని ఫోనులో ఏది అడిగినా జవాబు చెప్పే యంత్రం ఒకటుంది. మా అవ్వకు చిన్నమ్మ పోయింది, సంతాపం రాయమని అడిగింది. అరనిమిషం పట్టలేదు. ఎంత చక్కటి తెలుగో! అక్షరదోషం లేదు, అనురాగం ఉంది, తీరని లోటు ఉంది. మధ్యలో ఒక వాక్యం: "మా అమ్మకు సొంత చెల్లెలిలా తోడునీడగా నిలిచి, జీవితాంతం ఆమెతో కష్టసుఖాలు పంచుకున్న మాతృమూర్తి." "బాగుందా అవ్వా?" అంది హారిక. బాగుందన్నాను. నా పేరుతో పంపించేసింది. కాసేపటికి కడపలో ఉన్న మా తమ్ముడు ఫోను చేసి, "అక్కా, శానా బాగా రాసినావు. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి" అన్నాడు. నేను రాయలేదని వాడికి చెప్పలేదు.

నిజమేమిటంటే మా అమ్మా చిన్నమ్మా ముప్పై ఏళ్ళకు పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో, ఆ తర్వాత ఒకే గోడకు అటూ ఇటూ ఉండి, అమ్మ పోయేదాకా మాట్లాడుకోలేదు. ఆ గ్రూపులో ఉన్న పెద్దవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్కరూ కాదనలేదు. ఆ మాటలు ఆగిపోవడంలో నా చేయి ఉందని మాత్రం ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళలో చివరి మనిషి ఇప్పుడు పోయింది.

మా ఊరు మైదుకూరుకు రెండు మైళ్ళు. మట్టి మిద్దె ఇల్లు, కింద కడప బండలు, నడిమింట్లో పైకప్పుకు వెలుతురు కోసం విడిచిన గవాచి. ఆ గవాచిలోంచి పడే వెలుతురే ఆ ఇంటికి గడియారం. వెలుతురు ధాన్యం కొట్టు తలుపు మీదికి వస్తే సద్ది తినే వేళ, స్తంభం మొదట్లోకి వస్తే మధ్యాహ్నం. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒక వాసన ఉండేది: పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ ఘాటు, చెనిక్కాయలు వేయించిన రోజు ఆ కమ్మదనం, మిగతా రోజులంతా జొన్నపిండి వాసన. జొన్నపిండికి వాసన ఉంటుందంటే హారిక నమ్మదు. పాకెట్టులో వచ్చే పిండికి ఉండదు, దాని తప్పేం లేదు.

ఇంటి పెద్ద మా జేజి, అంటే మా నాయన తల్లి. నాయన పొలం చూసుకునేవాడు. చిన్నాయన కడపలో చదువుకుని వచ్చి పేపరు తెప్పించుకునేవాడు. ఇంట్లో కోడళ్ళు ఇద్దరు. పెద్దకోడలు మా అమ్మ. చిన్నకోడలు చిన్నమ్మ, పేరు రామసుబ్బమ్మ, అమ్మ పిలుపులో సుబ్బి. ఆమె పుట్టిల్లు రాజంపేట దిక్కున. వరి పండే ఊరు నుంచి జొన్నసంగటి తినే ఇంటికి వచ్చింది. వచ్చిన కొత్తలో విసుర్రాయిని చూసి, ఇంత పెద్దదా అని ఆశ్చర్యపోయిందట.

అది పెద్దదే. ఒక్క మనిషి తిప్పేది కాదు. ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా, ఒక కాలు చాపి ఒక కాలు మడిచి కూర్చుని, ఒకే పిడిని ఇద్దరూ పట్టుకుని తిప్పాలి. సగం చుట్టు ఒకరు లాగితే సగం చుట్టు ఇంకొకరు. ఖాళీ చేత్తో గింజలు పోయాలి. అన్ని ఇళ్ళల్లో కోడికూతకు విసిరేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం మధ్యాహ్నం విసిరేవాళ్ళు. మా జేజినాయనకు ఉబ్బసం ఉండేది, ఆయనకు నిద్ర పట్టేదే తెల్లవారుజామున. ఆయన పోయాక కూడా ఆ వేళ మారలేదు. గవాచి వెలుతురు స్తంభం మొదట్లోకి రాగానే జేజి కొట్టు తాళం తీసి గింజలు కొలిచి ఇచ్చేది. మూడు నాలుగు రోజులకు ఒకసారి ఈ పని.

విసరడం అయ్యాక జేజి వచ్చి చిటికెడు పిండి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసేది. మెత్తగా ఉంటే ఏమీ అనేది కాదు. బరకగా ఉంటే మాత్రం కోడళ్ళ ముఖాల వంక చూసేది. "ఇద్దరూ మూతులు ముడుసుకోని తిప్పినారు గదా. పోయి మళ్ళా ఇసరండి" అనేది. అందులో మాయ లేదు. కోపంగా ఉన్నవాళ్ళు ఎప్పుడు లేచిపోదామా అని గుప్పిళ్ళతో గింజలు పోసి గబగబా తిప్పుతారు. అప్పుడు రాయి పైకి లేస్తుంది, పిండి బరకగా పడుతుంది. మాట్లాడుకుంటూ తిప్పేవాళ్ళ చేయి నిదానంగా ఉంటుంది. చదువు రాని మా జేజి చిటికెడు పిండితో ఇంటి మంచీ చెడ్డా తెలుసుకునేది.

ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో గొడవలు రావా? వచ్చేవి. పాల మీగడ గురించి, పిల్లల తన్నులాట గురించి, ఎవరి పుట్టింటివాళ్ళు వస్తే ఎవరు ముఖం చిట్లించారన్న దాని గురించి. జేజి ఎప్పుడూ మధ్యలోకి వెళ్ళేది కాదు. మా నాయన వచ్చి, "అమ్మా, రొంత చెప్పరాదా వాండ్లకు" అంటే ఆమె జవాబు ఒకటే: "పిండి అయిపోనీలే." డబ్బాలో పిండి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ రెండు దిక్కులకు తిరిగి పనులు చేసుకునేవాళ్ళు. పిండి అయిపోయిన రోజు రాయి దగ్గర కూర్చోక తప్పదు. మొదట మౌనంగానే మొదలయ్యేది. పది చుట్లు తిరిగేసరికి అమ్మ, "రొంత నిదానంగా తిప్పుమే సుబ్బీ, రాయి లేస్తాండాది" అనేది. "నువ్వు గుప్పెడు గుప్పెడు పోస్తాండావు గదక్కా, లేయకుండా ఏం జేస్తాది?" అని చిన్నమ్మ. అక్కడి నుంచి మొన్న నువ్వట్లా అంటివి, నువ్విట్లా అంటివి. కాసేపు ఏడుపు. కాసేపటికి ఇద్దరూ కలిసి మూడో మనిషి ఎవరినో ఆడిపోసుకుని నవ్వుకునేవాళ్ళు. నేను స్తంభానికి ఆనుకుని పలక మీద లెక్కలు చేసుకుంటూ ఇదంతా వినేదాన్ని. మా ఇళ్ళల్లో తప్పయిందని చెప్పే అలవాటు లేదు, ఇప్పటికీ లేదు. ఆ పనికి మాకు ఒక రాయి ఉండేది.

ఆ రోజుల్లోనే మైదుకూరులో పిండి మిషను పెట్టారు. ఆయిల్ ఇంజన్ చప్పుడు, గాలి మా వైపుకు ఉంటే, మా మిద్దె మీదికి కూడా వినిపించేది. చిన్నాయనకు పండగలా ఉంది. పేపరు మడిచి చంకలో పెట్టుకుని జేజి ముందు నిలబడి, "ఆడోళ్ళ చేతులు, రెట్టలు పడిపోతాండాయి అమ్మా. లోకమంతా మిషన్లు వచ్చినాంక గూడా రాళ్ళు తిప్పుకుంటా కూచ్చుంటే ఎట్ల?" అన్నాడు. "నీ పెండ్లాము చెప్పిందా నీకు, రెట్టలు నొస్తాండాయని?" అంది జేజి. "ఆమె చెప్పల్నా? నాకు కండ్లు లేవా?" అన్నాడు చిన్నాయన.

నిజంగానే ఆయనకు కళ్ళున్నాయి. ఆ రాయిని నేనిప్పుడు పొగడడానికి కూర్చోలేదు. అమ్మ అరచేతుల్లో కాయలు కాసి ఉండేవి. చిన్నమ్మకు ఏడో నెలలో కూడా ఆ పిడి తప్పలేదు. రాయి తిప్పిన చేతుల సంగతి తెలియనివాళ్ళే దాన్ని బొమ్మ గీసి గోడకు తగిలించుకుంటారు. నేను చిన్నాయన పక్షం. ఊళ్ళో బడికి వెళ్ళే ఆడపిల్లలు ఇద్దరో ముగ్గురో, అందులో లెక్కల్లో నేనే ముందు. విసరడానికి ఏడాదిలో ఎన్ని రోజులు పోతున్నాయో పలక మీద లెక్క వేసి జేజికి చూపించాను. ఆమె పలకను తిరగేసి పట్టుకుని చూసి, "అయితే మిగిలిన పొద్దు ఏం జేస్తారంట?" అంది. "చదువుకుంటారు జేజీ" అన్నాను. అమ్మా చిన్నమ్మా పడీపడీ నవ్వారు. జేజి నవ్వలేదు. పలక నాకిచ్చి, తినే జొన్నలు మిషనుకు పోయేది లేదని తేల్చి చెప్పింది.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. చిన్నమ్మ వాళ్ళమ్మ బిడ్డను చూసిపోదామని వచ్చింది. మొగుడు పోయిన మనిషి, రెండు బస్సులు మారి వచ్చింది, నాలుగు రోజులు ఉండాలని గుడ్డల మూట తెచ్చుకుంది. ఆ పూట సంగటి కెలికింది చిన్నమ్మ. అక్కడక్కడా ఉండలు కట్టింది. అమ్మది సరసం ఎక్కువైన నోరు. వడ్డిస్తూ, "ఏం పిన్నమ్మా, వరన్నం తిని తిని బిడ్డకు సంగటి కెలికేది గూడా నేర్పిచ్చకుండానే పంపిస్తిరి. నేను లేకపోతే ఈ ఇంట్లో అందరూ గడ్డలు మింగాల్సిందే" అని నవ్వింది. ఆ ముసలామె నవ్వలేదు. సగం ముద్ద ఉండగానే కంచంలో చేయి కడిగేసుకుంది. "కడుపు నిండిందమ్మా" అంది. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. చిన్నమ్మ ఆ మూట పట్టుకుని రోడ్డు దాకా సాగనంపి, తిరిగివచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. అమ్మతో మాట్లాడలేదు.

కన్నతల్లి బిడ్డ ఇంట్లో సగం కంచంలో చేయి కడుక్కుని పోవడమంటే మా వైపు అది చిన్న సంగతి కాదు. అమ్మకు తెలుసు. నోరు జారిందని తెలిసినప్పుడు మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది. కడిగిన చెంబే మళ్ళీ కడిగేది. అటకెక్కి దిగేది. చిన్నమ్మ వంగి ఉన్నప్పుడు వీపు వంక చూసేది, ఆమె లేవగానే తల తిప్పుకునేది. నాయన జేజి దగ్గరికి వెళ్ళాడు. "పిండి అయిపోనీలే" అంది జేజి.

నాలుగో రోజు ఆదివారం, బడి లేదు. నేను డబ్బా మూత తీసి చూశాను. అడుగున పిండి పూట సంగటికి కూడా చాలదు. జేజి ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆగకుండా పొద్దున్నే జొన్నలు కొలిచి గంపలో పోసి రాయి పక్కన పెట్టి, తను దొడ్లోకి వెళ్ళింది. నేను ఆ గంపను చూసి జాలిపడ్డాను. ఇది బాగా గుర్తు నాకు. ఇంత కోపంలో ఉన్నవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకోవాలంటే ఎంత బాధో కదా అనుకున్నాను. వాళ్ళకు ఆ బాధ తప్పిద్దామనుకున్నాను. పదేళ్ళ పిల్లకు రావలసిన ఆలోచనే, మంచి ఆలోచనే. చిన్నాయన పసుపు బేరం కోసం బండి కట్టుకుని మైదుకూరు వెళ్తున్నాడు. "చిన్నాయనా, ఈ జొన్నలు మిషనుకు ఏసుకోని వద్దామా?" అన్నాను. ఆయన నా వీపు తట్టి, "మీ జేజి తిడితే నేను పడతాలే, ఎక్కు" అన్నాడు. గంప బండిలోకి ఎత్తింది ఆయనే.

మిషను దగ్గర ఆడవాళ్ళు గంపలు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికీ వినబడదు, చేతులతో సైగలు చేసుకుంటున్నారు. మిషను నడిపే మనిషి కనురెప్పల దాకా తెల్లగా ఉన్నాడు. మా జొన్నలు పై నుంచి పోశాడు. ఇంట్లో ఒక మధ్యాహ్నమంతా పట్టే పని నేను నూరు లెక్కపెట్టేలోపు అయిపోయింది. పిండి వేడిగా ఉంది. చేయి పెడితే కాలేంత వేడి. నేను ఆ వేడికి మురిసిపోయాను. చిన్నాయన బేరం తేలేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఊరి మలుపులో ఆయన ఎవరితోనో మాట్లాడుతూ బండి ఆపితే ఆగలేక గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి నడిచాను.

లోపలికి వచ్చేసరికి నడిమింట్లో రాయి కడిగి ఉంది. దాని కింద గుడ్డ పరిచి ఉంది. అమ్మ కొంగు బిగించి, జుట్టు ముడి వేసుకుని రాయి పక్కన నిలబడి ఉంది. చిన్నమ్మ అటువైపు గోడ దగ్గర ఉంది. జేజి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఇదంతా నేను చూశాను. కళ్ళతో చూశాను కానీ నాకేమీ అర్థం కాలేదు. "మిషనుకు పోయొస్తి. ఇంగ మీరు ఇసరాల్సిన పన్లేదు!" అని గంప దించాను. అమ్మ నన్ను చూసి నవ్వింది. చిన్నమ్మ వచ్చి నా ముఖాన అంటిన పిండి కొంగుతో తుడిచి, "మా తల్లే" అంది. ఆ పొద్దు నేను ఉన్నంత గర్వంగా తర్వాత ఏ పరీక్ష పాసైనప్పుడూ లేను. జేజి చిటికెడు పిండి తీసుకుని వేళ్ళ మధ్య రాసి చూసింది. చాలాసేపు రాసింది. "శానా మెత్తగా ఉండాది" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నన్ను తిట్టలేదు.

ఆ తర్వాత మిషను పిండి మానలేదు. ఒకసారి తెచ్చుకున్నాక మళ్ళీ రాయి తిప్పమని ఎవరంటారు? జేజి కూడా అనలేదు. పిండి అయిపోకముందే ఇంకో గంప మైదుకూరు వెళ్ళేది. పెద్ద రాయిని గోడకు ఆనించారు. దాని మీద ఎండుమిరపకాయల చాట పెట్టుకునేవాళ్ళు. మధ్యాహ్నాలు మిగిలాయి. అమ్మ ఆ వేళ పడుకోవడం నేర్చుకుంది. చిన్నమ్మ తన గదిలో రవికెలు కుట్టుకునేది. నేను పలక మీద చూపించిన రోజులన్నీ నిజంగానే మిగిలాయి, లెక్క తప్పు కాలేదు.

వాళ్ళు మాట్లాడుకోలేదంటే పగతో రగిలిపోయారని కాదు. చిన్నమ్మకు కాన్పు అయితే నెలంతా బిడ్డకు నీళ్ళు పోసింది అమ్మే. అమ్మకు చలిజ్వరం వస్తే రాత్రింబవళ్ళు గంజి కాచి పెట్టింది చిన్నమ్మే. మాట ఒక్కటే లేదు. చిన్నమ్మ రెండు బారల దూరంలో ఉండగా అమ్మ నాతో, "పాపా, మీ చిన్నమ్మను ఉప్పు ఏసిందేమో అడుగు" అనేది. చిన్నమ్మ నాతోనే, "ఏసినానని చెప్పు" అనేది. నాకు మొదట్లో నవ్వు వచ్చేది. తర్వాత అలవాటైంది. జేజి పోయింది. ఇల్లు పంచుకుని మధ్యలో గోడ పెట్టారు. నాకు పెళ్ళయి కర్నూలు వచ్చేశాను. కోపం ఏ ఏడు చచ్చిపోయిందో వాళ్ళకే తెలియదు, మాట మాత్రం తిరిగి రాలేదు.

అమ్మ పోయిన రోజు చిన్నమ్మ వచ్చి శవం తలాపున కూర్చుంది. ఆమె శోకాలు పెడుతుందని అందరూ చూశారు. ఆమె ఏడవలేదు. మామూలు గొంతుతో, "బర్రె ఈనిందక్కా. పెయ్యదూడ" అంది. తర్వాత కొర్రలు ఈ తూరి బాగా పండినాయని చెప్పింది. పెద్దోడికి రాజంపేట దిక్కు సంబంధం చూస్తున్నామనీ, పిల్ల రంగు తక్కువైనా ముఖం కళగా ఉందనీ, తన మోకాలి నొప్పికి కడపలో డాక్టరు ఇచ్చిన బిళ్ళలు పని చేయడం లేదనీ చెప్పింది. చెబుతూనే ఉంది. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. పాడె కట్టడం అయిందని మగవాళ్ళు వచ్చి నిలబడ్డా ఆమె ఆపలేదు. నేను అమ్మ కాళ్ళ దగ్గర ఉన్నాను. ఆరోజు కూడా నాకు ఏడుపు రాలేదు. అప్పుడే మొదటిసారి ఆ కడిగిన రాయి, ఆ పరిచిన గుడ్డ నా కళ్ళ ముందుకు వచ్చాయి. ఆ ఆదివారం నేనేం చేశానో అప్పటికి నాకు అర్థమైంది.

అప్పటికీ ఇప్పటికీ తూకం వేయమంటే నాకు చేతకాదు. హారిక చేతిలోని యంత్రం మీద నాకు కోపం లేదు. నా మందుల పేర్లు అదే చదివి పెడుతుంది, కరెంటు పోతే ఎప్పుడు వస్తుందో అదే చెబుతుంది. ఒకప్పుడు మా నాయన పంచాంగం చూసే ఆయన దగ్గరికీ, పేపరు చదివే తమ్ముడి దగ్గరికీ, ఆకుపసరు తెలిసిన ముసలామె దగ్గరికీ ఒక్కో పనికి ఒక్కో గడప తొక్కేవాడు. వెళ్ళినచోటల్లా కూర్చోవాలి, వాళ్ళ గోడు కూడా వినాలి. అందులో విసుగూ ఉంది. ఇప్పుడు గడప దాటకుండా అన్నీ తెలుస్తాయి. రాత్రి నేనూ మనవరాలూ ఒకే బల్ల దగ్గర తింటాం. దాని స్నేహితురాలితో ఏదో పొరపొచ్చం వచ్చిందని నాకు తెలిసింది, అదీ యంత్రంతో చెప్పుకుంటుంటే. "నాతో చెప్పరాదా?" అన్నాను. "అదైతే ఏమీ అనుకోదు అవ్వా" అంది పిల్ల. నిజమే. నేనైతే ఏదో ఒకటి అనుకుంటాను. మా అమ్మలాగే నోరు జారి ఏదో ఒకటి అంటాను కూడా. దానికి నోరు జారదు. పెరుగు వేసుకుని తిన్నాను.

కిందటి ఎండాకాలం నేను చిన్నమ్మను చూడడానికి వెళ్ళాను. తప్పు నాదని ఆమెతో ఒక్కసారైనా చెప్పాలని వెళ్ళాను, వేరే పనేం లేదు. వసారాలో చాట ముందు పెట్టుకుని చెనిక్కాయలు ఒలుస్తోంది. చెవులు బాగానే వినబడుతున్నాయి. కళ్ళు మసక. ఆరోగ్యం అదీ అడిగాక, "అమ్మా నువ్వూ తర్వాతన్నా మాట్లాడుకోని ఉండొచ్చు కదా చిన్నమ్మా, అన్నేండ్లు ఒకే గోడ పక్కన ఉంటిరి" అన్నాను.

"యాడ కూచ్చోని మాట్లాడాల?" అంది. "ఆమెకూ పని లేకపాయె, నాకూ లేకపాయె. పనీ పాటా లేకుండా ఎదురుబొదురు కూచ్చోని మాట్లాడేదానికి మేమేమన్నా మొగోళ్ళమా?" ఆ మాటకు తనే నవ్వింది. "నువ్వు గూడా ఊరికే కూచ్చుంటివే, ఒలువు" అని చాట నా వైపు జరిపింది.

కాసేపు ఒలిచాక, తల ఎత్తకుండానే, "నా వల్లనే చిన్నమ్మా. ఆ పొద్దు నేను జొన్నలు మిషనుకు తీసకపోకుండా ఉంటే మీరు రాయి కాడ కూచ్చునుందురు" అన్నాను. అమ్మ పోయినప్పటి నుంచి మోసిన మాట అంత తేలిగ్గా బయటికి వచ్చింది. వచ్చాక కూడా నాకేమీ అనిపించలేదు.

చిన్నమ్మ వేళ్ళు ఆగాయి.

"నీ వల్ల ఏం గాదు. జొన్నలు యాడ పోయినాయని మీయమ్మ ఇల్లంతా ఎదికె. నన్ను అడగాల్సిందే, వేరే దావ లేదు. మాట నిలిసిన నాలుగు దినాలకు, అప్పుడు 'సుబ్బీ' అని పిలిసె. నాకు గడపలోంచి నువ్వొచ్చేది కనపడతాండె, గంప నెత్తిన పెట్టుకోని, మొగమంతా పిండి. బిడ్డ వస్తాందిలే, అది గంప దించినాంక పలుకుదాంలే అనుకుంటి."